హుఫూఫ్ కాలేజీ జట్టు, గంగారాం సెలవు

1991 జూన్‌లో కంపెనీ నన్ను రియాద్ నుంచి హుఫూఫ్‌కు బదిలీ చేసింది. కువైట్ యుద్ధం ముగిసి అప్పటికి నాలుగు నెలలు. హుఫూఫ్‌లో ఒక సాంకేతిక శిక్షణ కళాశాల ఉండేది. దానికి నన్ను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా పంపారు. భవనాలు వాళ్ళవి, మనుషులం మేము. ఏసీలు, నీళ్ళు, కరెంటు, తోట, తాళాలు, ఏది పాడైనా బాగుచేయడం మా కాంట్రాక్టు. అక్కడ పద్ధతి చాలా కచ్చితం. వర్క్ ఆర్డర్ లేకుండా గోడకు మేకు కొట్టకూడదు, కళాశాలవారి సంతకం పడకుండా పని అయిందని అనకూడదు. ఈ రెండు నియమాలూ వంటబట్టడానికి కొత్తవాళ్ళకు కొంతకాలం పట్టేది. నాకు అప్పటికే పన్నెండేళ్ళ సర్వీసు కాబట్టి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

మాది రాయచోటి దగ్గర. నా చేతికింద ఉన్న నలభై మందిలో ఎక్కువమంది నిజామాబాదు, కరీంనగర్ జిల్లాలవాళ్ళు. వాళ్ళ మాట నాకూ నా మాట వాళ్ళకూ మొదట్లో సగమే అర్థమయ్యేది. ఆ సగంతోనే పనులు బాగానే సాగేవి.

సెప్టెంబరులో వాల్టర్ అనే అమెరికన్ వచ్చాడు. డీజిల్ ఇంజన్లు నేర్పే ఇన్‌స్ట్రక్టరు. భారీ మనిషి, ఎండకు ముఖం ఇటుక రంగులోకి మారి ఉండేది. ఆయన వచ్చిన వారానికే కళాశాలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండాలని తీర్మానించాడు. ఫుట్‌బాల్ అంటే అందరూ సంతోషించారు. అక్కడి పిల్లలు కాలితో బంతి ఆడటంలో పుట్టు పండితులు. తీరా చూస్తే వాల్టర్ చెప్పేది వాళ్ళ దేశపు ఫుట్‌బాల్. బంతి తాటికాయను రెండు వైపులా చెక్కినట్టుంటుంది. దాన్ని కాలితో తన్నడం అరుదు, చంకలో పెట్టుకుని పరుగెత్తడమే ఎక్కువ. ఎదుటివాళ్ళు మీదపడి కింద పడేస్తారు. పడ్డాక అందరూ లేచి, గుండ్రంగా నిలబడి మాట్లాడుకుని, మళ్ళీ మొదలుపెడతారు. కళాశాలలో విద్యార్థి వ్యవహారాలు చూసే ముదీర్, అంటే డైరెక్టరు, అబూ సాలెహ్ గారు మొదటిరోజు ప్రాక్టీసు చూసి నన్ను పక్కకు పిలిచి, వీళ్ళు ఇన్నిసార్లు ఆగి ఏం చర్చిస్తున్నారు, గొడవ తీరలేదా అని అడిగారు. నాకూ తెలియదని ఉన్నమాట చెప్పాను.

సామాను అమెరికా నుంచి ఓడలో వచ్చింది. ఇనుప జాలీ ఉన్న హెల్మెట్లు, భుజాలకు కట్టుకునే గట్టి కవచాలు. యుద్ధం అయిపోయిన కొత్త. రేవులో అధికారికి అనుమానం వచ్చిందంటే ఆయన తప్పు లేదు. ఇది ఆట సామానని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి ఒక జత నేనే తొడుక్కుని చూపించాల్సి వచ్చింది. పొట్టతో, కళ్ళజోడుతో, నలభై మూడేళ్ళ వయసులో రేవు గిడ్డంగిలో అటూ ఇటూ పరుగెత్తాను. ఆయన నవ్వి, ఇందులో ఉండి భోజనం ఎలా చేస్తారని అడిగి, సంతకం పెట్టేశాడు. యుద్ధం చేసేవాడు అలా పరుగెత్తడని ఆయనకు రూఢి అయి ఉంటుంది.

మొత్తం నాలుగు జట్లు. మాది, రియాద్‌లో ఒకటి, దమ్మాం వైపు ఒకటి, ఖమీస్ ముషైత్‌లో ఒకటి. మిగతా మూడింటిలో చిన్నప్పటినుంచి ఈ ఆట ఆడిన అమెరికన్లే ఎక్కువ. మా జట్టులో అప్పటివరకు టీవీలో కూడా దాన్ని చూడని పిల్లలు. నియమాలు ఖరారు చేయడానికి రియాద్‌లో సమావేశం పెట్టారు. అందులో రెండు నియమాలు మా కొంప ముంచాయి.

ఒకటి, ప్రతి జట్టూ ఆటరోజున ఇరవై రెండు మందిని పూర్తి వేషంలో మైదానానికి తేవాలి. పదకొండు మందే ఆడతారు, మిగతావాళ్ళు గీత బయట సిద్ధంగా నిలబడాలి. ఒక్కడు తగ్గినా ఓడినట్టే లెక్క. రెండోది అబూ సాలెహ్ గారు స్వయంగా ప్రతిపాదించింది. ఆట సమానంగా ముగిస్తే రెండు వారాల తర్వాత మళ్ళీ ఆడాలి, ఎవరో ఒకరు గెలిచేదాకా. కప్పును రెండుగా కోయలేం కదా అన్నారాయన. ఆ సమయానికి ఖహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు పంచుతున్నారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మా పిల్లలు పదిహేను మందే తేలారు. మిగతా ఏడుగురి కోసం వాల్టర్ నా ఆఫీసుకు వచ్చాడు. ఆడక్కర్లేదు, వేషం వేసుకుని నిలబడితే చాలన్నాడు. నేను వర్క్ ఆర్డర్ అడిగాను. ఆయన నిజంగానే రాయించి తెచ్చాడు: మైదానం వద్ద స్టాండ్-బై డ్యూటీ, ఏడుగురు. ఇక నాకు కాదనే దారి లేదు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, ఏసీ డక్టుల పనివాళ్ళలో ఒడ్డూ పొడుగూ చూసి ఏడుగురిని ఏరాను. అందులో అందరికంటే ముందు కళ్ళబడింది గంగారాం. ఆర్మూరు దగ్గర పల్లె. ఆరడుగుల మనిషి. తలుపు కింద వంగి వచ్చేవాడు, మాటలో మాత్రం ఎక్కడా వంగేవాడు కాదు.

వాళ్ళు మొదటి ఆటకు వెళ్ళేముందు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, గీ టోపీ వెట్టుకొని తంబాకు ఎట్ల ఉంచుడు?"

ఉత్త నిలబడటమే అనుకున్నాం గానీ వాళ్ళకు తొందర్లోనే అసలు పని దొరికింది. అసర్, అంటే సాయంత్రపు నమాజు వేళకు ఆట ఆగేది. పిల్లలు కవచాలు విప్పి, కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కుని వుజూ చేసుకున్నాక, నేనూ వాళ్ళూ కలిసి మైదానం పక్కనే నమాజు చేసేవాళ్ళం. తర్వాత ఆ బెల్టులూ తాళ్ళూ మళ్ళీ బిగించడానికి నమాజుకు పట్టినదానికంటే రెట్టింపు సమయం పట్టేది. మా ప్లంబర్లు రంగంలోకి దిగారు. ఒక్కొక్కడు ఇద్దరిద్దరు పిల్లల్ని పట్టుకుని, లీకవుతున్న పైపుకు క్లాంపు వేసినంత వేగంగా బిగించేసేవాడు. లీగ్ మొత్తంలో నమాజు తర్వాత అందరికంటే ముందు తయారయ్యే జట్టు మాదే. మేము ముందున్నది ఆ ఒక్క విషయంలోనే.

ఆటలు వరసగా ఓడాం. అక్టోబరులో కువైట్ చమురు బావుల పొగ ఇంకా వస్తూనే ఉండేది. గాలి అటునుంచి వీస్తే మిట్టమధ్యాహ్నం దీపాలు వేసుకోవాల్సిన పరిస్థితి. ఒకసారి బంతి ఎవరి దగ్గరుందో ఎవరికీ కనపడక ఆట వాయిదా వేశారు. అప్పుడు కూడా మా వెనుకబాటు మాత్రం స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. అలా వాయిదాలు పడి పడి, డిసెంబరులో అయిపోవలసిన సీజన్ జనవరి చివరిదాకా సాగింది.

గంగారాం మాత్రం గీత బయట నిలబడి ఈ ఆట మర్మమంతా పట్టేశానని ప్రకటించాడు. మిగతా ఆరుగురికీ రోజూ పాఠం చెప్పేవాడు. నేనూ ఒకసారి విన్నాను.

"గిది మన కబడ్డే సార్. కూత జాగల బంతి వెట్టిన్రు, అంతె. బంతి చేతిల ఉన్నంత సేపు పాణమున్నట్టు. కింద పడగొడ్తె ఔటు. నడిమిల గీత, ఆ కడకు ఓ గీత, ఈ కడకు ఓ గీత. ఇంకేమున్నది?"

మా సీమలో దాన్ని చెడుగుడు అంటాం. చిన్నప్పుడు నేనూ ఆడినవాణ్ణే. అతను చెబుతుంటే నాక్కూడా నిజమేననిపించింది. నాకు తెలిసిన మేరకు అందులో తప్పేమీ కనపడలేదు కాబట్టి సరిదిద్దలేదు.

ఇక సెలవు సంగతి. గంగారాం 1988లో వచ్చాడు. రెండేళ్ళకోసారి సెలవు. 1990 ఆగస్టులో వెళ్ళి పెళ్ళి చేసుకోవాలి. మేనమామ కూతురు పద్మతో లగ్గం ఖాయం చేశారు. ఆ నెలలోనే కువైట్ మీద దాడి జరిగింది. కంపెనీ అందరి సెలవులూ ఆపేసింది. మళ్ళీ మరుసటి ఏడు కార్తీకంలో ముహూర్తం పెట్టుకున్నారు. అప్పటికి అతను జట్టులో ఉన్నాడు.

జట్టులో ఉంటే ఏమిటని చదివేవారికి అనిపించవచ్చు. ఆ రోజుల్లో మావంటివాళ్ళు ఒక ఊరు దాటి మరో ఊరు వెళ్ళాలంటే ఇఖామా అనే నివాస కార్డుతో పాటు కఫీల్, అంటే మమ్మల్ని రప్పించుకున్న యజమాని, ఇచ్చిన ప్రయాణపు ఉత్తరం ఉండాలి. రియాద్, దమ్మాం, ఖమీస్ ముషైత్ ఆటల కోసం కళాశాల తరఫున అబూ సాలెహ్ గారు అందరికీ కలిపి ఒకే ఉత్తరం తీసుకున్నారు. సీజన్ ముగిసేవరకు ఈ ఇరవై రెండు మందీ కలిసి ప్రయాణిస్తారని దాని సారాంశం. గంగారాంకు సెలవు కావాలని నేను వెళ్ళి అడిగితే ఆయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి, ఖహ్వా పోయించి, ఇలా చెప్పారు: ఈ ఉత్తరం కింద నా సంతకం ఉంది. ఇందులో పేరున్న మనిషి హిందూస్తాన్‌లో ఉంటే నేను అబద్ధానికి సంతకం పెట్టినవాణ్ణవుతాను. నాచేత అబద్ధం ఆడిస్తావా?

ఇంత నిజాయితీపరుడితో వాదించడం కష్టం. ఒక్క పేరు మారుద్దామన్నాను. మార్చాలంటే మొత్తం కొత్తది తీసుకోవాలి, అది వచ్చేలోపు రెండు ఆటలు పోతాయి, వాల్టర్ ఒప్పుకోడు అన్నారు. కంపెనీ సెలవు ఇవ్వాలన్నా పనిచేసేచోటి నుంచి రిలీజ్ కాగితం కావాలి. దాని మీద సంతకం పెట్టేది ఆయనే. కార్తీకం ముహూర్తం కూడా పోయింది.

డిసెంబరులో గంగారాంకు ఇంటినుంచి క్యాసెట్ వచ్చింది. ఫోన్లు అందరికీ అందని కాలం. మావాళ్ళు టేప్‌రికార్డర్లో మాటలు నింపి, ఊరికి వెళ్ళొచ్చేవాళ్ళ చేత పంపుకునేవాళ్ళు. అతను ఆ క్యాసెట్ తీసుకుని నా గదికి వచ్చాడు. నువ్వే విను సార్ అన్నాడు. పద్మ వాళ్ళ అన్న గొంతు అది.

"బావా, మంచిగున్నవా? ఒకపారి లడాయని లగ్గం ఆపినం. సరే. రెండోపారి ఆట ఉన్నదంటివి. ఏం ఆట బావా? నువ్వు ఏసీ పనికి వోతివి గద? ఊర్లె అందరు నవ్వుతున్నరు. ఇగ మాగమాసంల వెట్టుకున్నం. ఈసారి నువ్వు రాకుంటె మా నాయిన ఆగేటట్టు లేడు. మోర్తాడు దిక్కెల్లి సంబంధం ఒకటచ్చింది. పిలగానికి టైర్ల దుకాణం ఉన్నది. పద్మ ఏం మాట్లాడ్తలేదు. తిడ్తలేదు, ఏడుస్తలేదు. గదే నాకు బుగులైతున్నది."

క్యాసెట్ ఆగాక గంగారాం దాన్ని బయటికి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.  "టైర్ల దుకాణమట సార్" అన్నాడు.  వాళ్ళు పెట్టుకున్న మాఘ ముహూర్తం ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. చివరి ఆట ఖమీస్ ముషైత్ జట్టుతో, జనవరి ఆఖరు గురువారం. ఆ ఆట ముగిస్తే, అంటే ఎవరో ఒకరు గెలిస్తే, మూడు రోజుల్లో ఎగ్జిట్ రీ-ఎంట్రీ, అంటే వెళ్ళి తిరిగి రావడానికి అనుమతి ముద్ర, కొట్టించి విమానం ఎక్కించగలను. సమానంగా ముగిస్తే రెండు వారాల తర్వాత ఖమీస్ ముషైత్‌లో మళ్ళీ ఆట. అప్పటికి ముహూర్తం దాటిపోతుంది. ఈ లెక్క అతనికి విడమరిచి చెప్పాను.

"సూడప్పా గంగారాం, గెల్చినా సరే, ఓడినా సరే. సమానం మాత్రం కాగూడదు. సమానమైతే నీ లగ్గం గోవిందా."

"సమానం ఎందుకైతది సార్, మనోల్లు ఎన్నడన్న ఒక్క పాయింటు తెచ్చిన్రా?" అన్నాడు. ఆ ధైర్యంతోనే ఇద్దరం చివరి ఆటదాకా నెట్టుకొచ్చాం.

ఆ గురువారం ఖమీస్ ముషైత్ జట్టు మా మైదానానికి వచ్చింది. సరిగ్గా ఆ రోజే మా జట్టులో అయిదుగురు పిల్లలకు హుఫూఫ్‌లో దగ్గరి బంధువు పెళ్ళి. చెప్పి మరీ వెళ్ళిపోయారు. గంగారాం అది విని, "ఎవల లగ్గమో అయితున్నది గద, మంచిదే" అన్నాడు. ముఖం మాత్రం చూడలేకపోయాను. ఖాళీలు నింపడానికి మావాళ్ళలో కొందరిని నిజంగానే లోపలికి దింపక తప్పలేదు. తలల లెక్క తగ్గకుండా ఇద్దరు తోటమాలులకు, ఒక వంటవాడికి, ఇంకో ఇద్దరికి వేషాలు కట్టి బయట నిలబెట్టాం.

ఇక్కడే మా దురదృష్టం మొదలైంది. మా జట్టు బాగా ఆడింది. నాసర్ అని ఒక కుర్రాడు, అసలు ఫుట్‌బాల్‌లో ఆరితేరినవాడు. ఈ ఆటలో కూడా బంతిని తన్ని రెండు కర్రల మధ్యనుంచి పంపితే మూడు పాయింట్లు వస్తాయి. వాల్టర్‌కు ఆ సంగతి సీజన్ చివర్లో గుర్తొచ్చింది. నాసర్ ఒకటి కాదు, రెండు కొట్టాడు. ఆరు పాయింట్లు! సీజన్ మొత్తంలో మా మొదటి పాయింట్లు. వాల్టర్ టోపీ గాల్లోకి విసిరి వంటవాణ్ణి కౌగిలించుకున్నాడు. అవతలివాళ్ళు ఒకసారి బంతితో మా చివరి గీత దాటి ఆరు తెచ్చుకున్నారు. ఆరు, ఆరు. ఆట చివరి నిమిషాల్లోకి వచ్చింది.

నేను అబూ సాలెహ్ గారి పక్కన కూర్చుని ఉన్నాను. సమానంగానే ఉంటే కప్పు సంగతేమిటని అడిగారు. మీరు పెట్టిన నియమమే అన్నాను. మంచి నియమం అన్నారాయన.

అంతలో వాల్టర్ నన్ను పిలిచాడు. ఎదుటివాళ్ళు ముందుకు రాలేక బంతిని దూరంగా తన్నబోతున్నారు. దాన్ని పట్టుకోవడానికి మా వైపు వెనకాల ఒక మనిషి నిలబడాలి. నిలబడే కుర్రాడికి మడమ బెణికింది. ఎవరైనా పొడుగువాణ్ణి పెట్టమన్నాడు. నేను గంగారాంను చూపించాను. అతనికి చెప్పమన్నది ఇంతే: బంతి పట్టుకోవాలి, అవతలి చివరి గీతదాకా పరుగెత్తాలి. నేను అదే చెప్పాను.

"బంతి పట్టుకో. ఆ కడగీత దాకా ఉరుకు. ఎవ్వురికీ దొరకొద్దు."

"దొరక సార్" అన్నాడు. అతని కళ్ళు జాలీ వెనకనుంచి ఆ గీతనే చూస్తున్నాయి. ఆ పాయింటు తెస్తే ఆట ముగుస్తుంది, తను ఊరు చేరతాడు. ఆ మైదానంలో అంత అవసరం ఇంకెవరికీ లేదు.

బంతి వచ్చింది. గంగారాం పట్టుకున్నాడు. మరి అతను పరుగెత్తిన తీరు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఎదుటివాళ్ళు నడుముకు గురిపెట్టి వస్తే నడుము ఉండాల్సిన చోట ఉండేది కాదు. ఒకణ్ణి చేత్తో నెట్టాడు, ఒకడి కాళ్ళ మీదుగా దూకాడు. హెల్మెట్ లోపలినుంచి కబడ్డి కబడ్డి కబడ్డి అని ఒకటే కూత. మా మనుషులు కుర్చీలెక్కి కేకలు పెట్టారు. వాల్టర్ మోకాళ్ళ మీద పడిపోయాడు. గంగారాం అవతలి చివరి గీత దగ్గరికి చేరాడు. ఎదురుగా ఒక్కడూ లేడు.

అక్కడ ఆగాడు. బంతిని ఎడమ చంకలో వెనక్కి దాచుకుని, కుడికాలు చాచి, బొటనవేలితో గీతను ముట్టాడు. ముట్టి, గిరుక్కున వెనక్కి తిరిగాడు.

ఈ ఆటలో కాలు ముట్టడానికి విలువ లేదు, బంతి గీత దాటాలి. కబడ్డిలో కూతకు వెళ్ళినవాడు కూత తెగకుండా తన వైపుకు తిరిగి రావాలి, రాకపోతే చేసిందంతా వృథా. గంగారాం తిరిగి రావడం మొదలుపెట్టాడు.

ఎదుటి జట్టువాళ్ళు ఒక్క క్షణం నిలబడిపోయారు. తర్వాత వాళ్ళకు అర్థమైంది. మావాళ్ళకూ అర్థమైంది. మా పిల్లలంతా అతన్ని ఆపడానికి పరుగెత్తారు. సీజన్ మొత్తంలో మా జట్టు అంత వేగంగా పరుగెత్తింది అప్పుడే. ఎదుటివాళ్ళు మా పిల్లల్ని అడ్డుకుంటూ గంగారాంకు దారి చేశారు. నాసర్ అతని చొక్కా పట్టుకుంటే విదిలించుకున్నాడు. వాల్టర్ గీత బయట పక్కనే పరుగెడుతూ గొంతు చించుకుంటున్నాడు. గంగారాం అతనికి చెయ్యి ఊపాడు. మైదానం పొడవునా తిరిగి వచ్చి, మా చివరి గీత వెనక బంతితో సహా చతికిలపడి, అప్పుడు ఊపిరి వదిలాడు.

తన వెనక గీత అవతల తనే బంతితో కూలబడితే ఎదుటివాళ్ళకు రెండు పాయింట్లు. రిఫరీ ఈల వేశాడు. ఎనిమిది, ఆరు. మిగిలిన కొద్ది క్షణాల్లో ఏమీ జరగలేదు, ఆట అయిపోయింది.

ఖమీస్ ముషైత్ జట్టు గంగారాంను భుజాలకెత్తుకుంది. మా ప్లంబర్లు, తోటమాలులు, వంటవాడు వెళ్ళి మేమూ ఎత్తుకుంటామని గొడవపడి సగం దూరం వాళ్ళు మోశారు. అబూ సాలెహ్ గారు నన్ను అడిగారు.

"ఎవరు గెలిచారు?"

"వాళ్ళు."

"మరి వాళ్ళు మోస్తున్న మనిషి?"

"మనవాడు."

ఆయన కొంచెం ఆలోచించి, ఈ ఆటను ఇక చూడనవసరం లేదనుకుంటా అన్నారు. తర్వాత, సీజన్ ఖలాస్ కదా అని అడిగారు. కోచ్ వచ్చి ముగిసిందని ఒక్క మాట చెబితే రిలీజ్ మీద సంతకం పెట్టేస్తానన్నారు.

ఆ ఒక్క మాట దగ్గరే చిక్కు వచ్చింది. వాల్టర్ తన గదిలో కూర్చుని లీగ్‌కు ఫిర్యాదు రాస్తున్నాడు. గంగారాం కళాశాల విద్యార్థి కాడు, కంపెనీ మనిషి, ఆడే అర్హత లేదు, కాబట్టి ఆ పరుగు చెల్లదు, ఆట ఆరు ఆరుగా సమానం, మళ్ళీ ఆడించాలి. ఇదీ ఆయన వాదన. ఆడించిందెవరు మహాశయా అని అడగాలని నాలుకదాకా వచ్చింది. కానీ ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్క గెలుపు కోసం నెలల తరబడి ఎండలో నిలబడ్డ మనిషి. నాకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. పెళ్ళి సంగతి చెప్పాను. విన్నాడు. విచారిస్తున్నానన్నాడు. కలం మాత్రం ఆపలేదు.

అప్పుడు గంగారాం తలుపు కింద వంగి లోపలికి వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, మోచేతికి రక్తం, ముఖం నిండా నవ్వు. కోచ్‌కు షుక్రియా చెప్పడానికి వచ్చానన్నాడు. తనను నమ్మి కూతకు పంపినందుకు. నన్ను తర్జుమా చేయమన్నాడు. చేశాను. వాల్టర్ కలం పట్టుకునే, ఎందుకు వెనక్కి తిరిగాడో అడుగు అన్నాడు.

గంగారాం ఆ ప్రశ్నకు తెల్లబోయాడు.

"ముట్టి అస్తెనే గద సార్ పాయింటు? ముట్టి ఆన్నే ఉంటె ఏమస్తది? ఆళ్ళు గుడ గట్లనే జేస్తరు గద, గీత దాటినంక మల్ల ఈ దిక్కు ఉరికస్తరు. మనోల్లకు చాతగాక పట్టుకోరు. నన్ను ఎవ్వలు ఆపలే. మనోల్లు గుడ సంబురంల మీద మీద వడ్డరు, ఇడిపిచ్చుకొని అచ్చిన. దొంగ కూత కాదు సార్, మీరన్న జెప్పున్రి, ఒక్కటే కూత."

ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. వాల్టర్ కలం కింద పెట్టాడు. తర్వాత నన్ను, మనం గెలిచామనుకుంటున్నాడా అని అడిగాడు. అవునన్నాను. నువ్వు చెప్పు అన్నాడు. నేను మెయింటెనెన్స్ మనిషిని, ఆట విషయాలు చెప్పాల్సింది కోచ్ అన్నాను. ఆయన నోరు తెరిచాడు. గంగారాం చెప్పించుకోవడానికి ఆశగా ముందుకు వంగాడు. వాల్టర్ నోరు మూసుకున్నాడు. కాసేపటికి లేచి, గంగారాం చేయి పట్టుకుని గట్టిగా ఊపి, కంగ్రాచులేషన్స్ అన్నాడు. దానికి తర్జుమా అవసరం రాలేదు. రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న కుర్చీ కాలి కింద దోపాడు. తర్వాత మేము ముగ్గురం కలిసి అబూ సాలెహ్ గారి ఇంటికి నడిచాం. వాల్టర్ ఆయనతో సీజన్ ముగిసిందని ఒక్క మాట చెప్పాడు.

మూడు రోజుల్లో ఎగ్జిట్ రీ-ఎంట్రీ వచ్చింది. మాఘంలో గంగారాం పెళ్ళయింది. సెలవు ముగించుకుని వచ్చేనాటికి వాల్టర్ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయాడు. జట్టూ లేదు. హెల్మెట్లు స్టోరులో పడి ఉన్నాయి. గంగారాం ఊరి మిఠాయి డబ్బా నా బల్లమీద పెట్టి మొదట అడిగింది, "నేను వోయినంక మనోల్లు మల్ల గెల్చిన్రా సార్?" అని.

"లేదప్పా, నువ్వు పోయినాక ఒక్కటీ గెలవలా" అన్నాను. అందులో అబద్ధం లేదు.

ఆ తర్వాత ఇంకా పద్నాలుగేళ్ళు సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఏ మనిషికి ఏ పని అప్పగించినా, ఎక్కడికి వెళ్ళాలో చెప్పాక, పని ఎక్కడితో అయిపోతుందో అతని నోటితోనే తిరిగి చెప్పించుకునేవాణ్ణి. మనం చెప్పకపోతే పనివాడు తనకు తెలిసిన చోటికే పనిని తెచ్చి ముగిస్తాడు. ఇంటికి తిరిగొస్తేనే లెక్క అని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నవాణ్ణి మధ్యలో ఎవరూ ఆపలేరు.